తెర నేర్పేదెంత, మనిషి నేర్పేదెంత?

ఒక విశ్వవిద్యాలయంలో డిగ్రీ విద్యార్థులకు భారతీయ సంజ్ఞా భాష ఐచ్ఛిక కోర్సుగా ఉంది. 2 క్రెడిట్లు, 30 గంటలు, 60 మంది విద్యార్థులు. పాఠం చెప్పేది ఒక బధిర అధ్యాపకుడు. కోర్సులో కొంత భాగాన్ని విద్యార్థులు ఆన్‌లైన్ వీడియోల ద్వారా సొంతంగా నేర్చుకునేలా మార్చాలని ఆయనే ప్రతిపాదన రాశారు. దాన్ని పాఠ్యప్రణాళిక సంఘం ముందు పెట్టవలసిన భాషాశాస్త్రం ప్రొఫెసర్‌కు అది నచ్చలేదు. ఇంటర్‌ప్రెటర్ సాయంతో ఇద్దరూ కూర్చుని వాదించుకున్నారు. ఆ వాదన ఇది.

ప్రొఫెసర్: సార్, మీరు కాక ఇంకెవరు రాసినా ఈ ప్రతిపాదనను అప్పుడే పక్కన పెట్టేసేవాణ్ణి. భాష మనుషుల మధ్య బతికేది. అందులోనూ మీ భాషలో చూపులు కలవందే మాటే మొదలవదు. అటువంటిదాన్ని ఫోన్‌లోకి ఎక్కించి ఇంటికి పంపేస్తే క్లాసులో ఏం మిగులుతుంది?

అధ్యాపకుడు: ఇంటికి పంపకపోతే ఏం మిగులుతోందో ముందు చూద్దాం సార్. గంట క్లాసులో 60 మంది. ఒక్కొక్కరి ఎదుటా నిలబడితే మనిషికి ఒక్క నిమిషం. ఆ నిమిషంలోనే చేతులు సరిచెయ్యాలి, ముఖం సరిచెయ్యాలి, ఒక ప్రశ్న అడగాలి, జవాబు చూడాలి. సెమిస్టర్ మొత్తం కలిపితే ఒక విద్యార్థికి నాతో ముఖాముఖి దొరికేది అరగంట. అదైనా నేను కొత్త పాఠం ఏదీ చెప్పకుండా ఉంటేనే. చెప్పకుండా ఎలా ఉంటాను? అందుకని గంటలో ముప్పాతిక భాగం నేను ముందు నిలబడి అమ్మ, నాన్న, నీళ్ళు, అన్నం చూపిస్తూ పోతాను. వెనక బెంచీలవాళ్ళు మెడలు సాచి చూస్తారు. భాష మనుషుల మధ్య బతకాలన్నారు. మా క్లాసులో ఇప్పుడు అది బతకడం లేదు.

ప్రొఫెసర్: మంది ఎక్కువైతే మందిని తగ్గించాలి. దానికి వీడియో మందు కాదు. ఫోన్‌లో నేర్చుకుని వచ్చినవాళ్ళను నేనూ చూశాను. పోయిన ఏడాది ఒక కుర్రాడు వచ్చాడు, యూట్యూబ్‌లో చాలా నేర్చేసుకున్నానన్నాడు. తన పేరును ఒంటి చేత్తో చకచకా చూపించాడు. అది అమెరికా అక్షరమాల. మనం ఇంగ్లీషు అక్షరాలను రెండు చేతులతో చూపిస్తామని, అందులో అచ్చులు ఐదూ ఒక చేతి ఐదు వేళ్ళ కొసల మీద ఉంటాయని అతనికి తెలియనే తెలియదు. తరవాత మిమ్మల్ని ఎక్కడికి వెళ్తున్నారని అడగబోయి, తెలుగు వాక్యంలో ఒక్కో మాటకీ ఒక్కో సైన్ అతికించాడు. ముఖంలో కదలిక లేదు. మీరు జవాబిస్తే ఒక్క ముక్క అందలేదు. సొంతంగా నేర్చుకోవడం అనగానే నాకు అతనే గుర్తొస్తాడు.

అధ్యాపకుడు: నాకూ గుర్తున్నాడు. బాగా కష్టపడ్డాడు. అతనికి దొరికిన సరుకు అది. ఇంటర్‌నెట్‌లో వెతికితే ముందు తగిలేది అమెరికాదే. మనం ఏమీ తయారుచేసి పెట్టనంత మాత్రాన విద్యార్థి ఆగడు సార్, దొరికిందేదో పట్టుకుంటాడు. వాళ్ళు ఇంటి దగ్గర ఫోన్ చూడకుండా మనం ఆపలేం. ఏది చూడాలో మాత్రం మనం ఇవ్వగలం.

ఇంకో సంగతి. మీ తెలుగు విద్యార్థి సాయంత్రం గదికి వెళ్ళి నోట్సు తిరగేస్తాడు. నా విద్యార్థుల నోట్సు ఎప్పుడైనా చూశారా? "చెయ్యి గడ్డం దగ్గర, తరవాత ముందుకు" అని రాసుకుంటారు. ఏ చెయ్యి? అరచెయ్యి ఎటు తిరిగి ఉంది? వేళ్ళు ముడిచా, చాచా? మర్నాటికి ఆ వాక్యం వాళ్ళకే అర్థం కాదు. 1960లో అమెరికా పరిశోధకుడు విలియం స్టోకీ సైన్‌ను చేతి ఆకారం, చోటు, కదలిక అని విడదీసి చూపించాడని మీరే పాఠం చెబుతారు. తరవాతివాళ్ళు అరచెయ్యి తిరిగిన దిక్కునూ, ముఖాన్నీ కలిపారు. ఈ ఐదూ ఒకేసారి జరుగుతాయి. కాగితం మీద ఒకదాని తరవాత ఒకటి రాయాలి. మాకు వాడుకలో లిపి లేదు. మా భాషకు నోట్‌బుక్ అంటే వీడియోనే.

ప్రొఫెసర్: నోట్‌బుక్ వరకూ ఒప్పుకుంటాను. కానీ అది ఇప్పటికే ఉంది కదా! కేంద్ర ప్రభుత్వం 2015లో ఢిల్లీలో భారతీయ సంజ్ఞా భాషా పరిశోధన, శిక్షణ కేంద్రం పెట్టింది. 2018లో 3,000 పదాలతో వీడియో నిఘంటువు తెచ్చింది, 2021 నాటికి దాన్ని 10,000 పదాలకు పెంచింది. 2022లో యాప్ వచ్చింది. 2023 సెప్టెంబరు 23న, అంతర్జాతీయ సంజ్ఞా భాషల దినోత్సవం నాడు, 10 మాడ్యూళ్ళతో సొంతంగా నేర్చుకునే ఆన్‌లైన్ కోర్సూ వచ్చింది. ఆ లింకులు విద్యార్థులకు ఇచ్చేస్తే పోదా? మళ్ళీ మనమెందుకు తయారుచెయ్యాలి?

అధ్యాపకుడు: అది చాలా పెద్ద పని సార్. ఆ నిఘంటువు లేనిరోజు నాకూ గడవదు. కానీ పదివేల పదాలు వచ్చినవాడు కూడా ఒక్క సంభాషణ నడపలేకపోవచ్చు. ఆ కోర్సు దేశంలో అందరికీ ఉద్దేశించిన తొలి మెట్టు. మన దగ్గరికి వచ్చేది తెలుగు పిల్లలు. వాళ్ళకు కొన్ని సంగతులు అసలు చెప్పక్కర్లేదు. సైన్లలోనూ క్రియ చివరే వస్తుంది. "అతను డాక్టర్" అంటే అంతే, ఇంగ్లీషులోలాగా మధ్యలో ఇంకో క్రియ అక్కర్లేదు. "లేదు", "కాదు" చివరే వస్తాయి. ఇంగ్లీషు వాక్యం నుంచి బయల్దేరే పాఠాలు వీటి మీదే బోలెడు సమయం ఖర్చుపెడతాయి.

తెలుగు పిల్లలు తడబడేది వేరేచోట. "నువ్వు ఎక్కడికి వెళ్తున్నావు" అన్నప్పుడు "ఎక్కడ" మధ్యలో పెట్టేస్తారు. సైన్లలో అది చివరికి పోవాలి: నువ్వు, వెళ్ళడం, ఎక్కడ. ఇంకొకటి చూడండి. "వస్తావా" అన్నప్పుడు తెలుగులో చివరి దీర్ఘం ప్రశ్న చేస్తుంది. మాకు ఆ దీర్ఘం కనుబొమల్లో ఉంది. కనుబొమలు పైకి లేపి తల కాస్త ముందుకు వంచకపోతే, "వస్తావా" కాస్తా "వస్తావు" అయిపోతుంది. ఈ తేడాలు పట్టుకుని పాఠం రాయగలిగేది తెలుగూ సైన్లూ రెండూ తెలిసినవాళ్ళే. ఆ పని తెలుగునాట విశ్వవిద్యాలయం కాక ఎవరు చేస్తారు?

ప్రొఫెసర్: మీరు చెప్పినదంతా మీరు ఎందుకు కావాలో చెబుతోంది కానీ తెర ఎందుకు కావాలో చెప్పడం లేదు. కనుబొమలు లేవలేదని విద్యార్థికి ఎవరు చెబుతారు? వీడియో చెప్పదు కదా.

అధ్యాపకుడు: అతని వీడియో అతనికి చెబుతుంది. మీరు మాట్లాడుతుంటే మీ గొంతు మీకు వినబడుతుంది. తప్పు పలికితే మీ చెవే పట్టేస్తుంది. నేను సైన్ చేసేటప్పుడు నా చేతులు నాకు వెనకవైపు నుంచి కనిపిస్తాయి. నా ముఖమైతే నాకు కనిపించనే కనిపించదు. కొత్తగా నేర్చుకునేవాడికి అన్నిటికన్నా పెద్ద చిక్కు ఇదే. తను చేస్తున్నది ఎదుటివాడికి ఎలా ఉందో తెలియదు. కనుబొమలు లేపాననే అనుకుంటాడు. ఫోన్ ఎదురుగా నిలబెట్టి రికార్డు చేసి చూసుకుంటే అవి కదలనే లేదని తెలుస్తుంది. నేను పదేపదే చెప్పినా నమ్మనివాడు, తన ముఖం తాను ఒక్కసారి చూసుకుంటే నమ్ముతాడు.

ప్రొఫెసర్: దానికి అద్దం చాలదా?

అధ్యాపకుడు: చాలదు. అద్దం ముందు చేస్తున్నంతసేపూ కళ్ళు తన మీదే ఉంటాయి. మాతో మాట్లాడేటప్పుడు కళ్ళు మా ముఖం మీద ఉండాలి. అద్దానికి అలవాటుపడితే ఆ చూపే చెడిపోతుంది. రికార్డింగులో అయితే చేసేటప్పుడు కెమెరాను మనిషి అనుకుని చూస్తాడు, తనను తాను తరవాత చూసుకుంటాడు. నేను కోరేది ఇది: తెరకు ఒక సగంలో పాఠం వీడియో, రెండో సగంలో విద్యార్థి చేసిన వీడియో. వారానికొకటి, నిమిషం నిడివి చాలు. ముందు తనే పోల్చుకుని తప్పులు గుర్తుపెట్టి పంపాలి. తరవాత నేను చూసి, తప్పు జరిగినచోట ఆపి, సైన్లలోనే నా మాట జతచేస్తాను. 60 మంది ముందు దిద్దించుకోవడానికి సిగ్గుపడి వెనక బెంచీలో దాక్కునే పిల్లలకు ఇదొక్కటే దారి.

ప్రొఫెసర్: ఈ మాటకు నా దగ్గర ఎదురు లేదు. అయితే మీ భాషలో ఖాళీ జాగాకు కూడా వ్యాకరణం ఉంది. ఇక్కడ లేని అన్నను కుడివైపు పెడతారు, చెల్లెల్ని ఎడమవైపు. ఇవ్వడం అనే సైన్ కుడి నుంచి ఎడమకు కదిలితే అన్న చెల్లెలికి ఇచ్చాడు, ఎడమ నుంచి కుడికి కదిలితే చెల్లెలు అన్నకు ఇచ్చింది. నా దగ్గర్నుంచి మీ వైపు కదిలితే నేను మీకు ఇచ్చాను. ఈ చివరిది తెర మీద సరిగా తెలియదు. చెయ్యి కెమెరా మీదికి వస్తుంది, ఎంత దూరం వచ్చిందో కంటికి ఆనదు. పైగా తెర మీద మనిషి కుడిచెయ్యి చూసేవాడికి ఎడమవైపు ఉంటుంది. కొత్తవాడు అటే ఎత్తుతాడు. కుడిచేతివాటం వాళ్ళు ఎడమచేత్తో మొదలుపెట్టడం ఇందుకే.

అధ్యాపకుడు: ఒక్క కెమెరాతో తీస్తే మీరన్నట్టే అవుతుంది. అందుకే ఒకటి ఎదుట, ఒకటి పక్కన పెట్టి రెండు కోణాల్లో తియ్యాలన్నాను. నెమ్మదిగా తిప్పి చూసుకునే వీలు ఉండాలి. నెట్ సరిగా లేని ఊళ్ళో వీడియో ఆగి ఆగి నడిస్తే వేళ్ళ కదలిక అలికినట్టు అయిపోతుంది కాబట్టి, ముందే డౌన్‌లోడ్ చేసుకునేలా ఉండాలి. ఇన్ని చేసినా ముగ్గురు మనుషుల మధ్య జరిగే మాటను తెర నేర్పలేదు. దాన్ని క్లాసుకే ఉంచాను. నా ప్రతిపాదన అంతా ఈ పంపకమే సార్. మాటల పట్టిక, వేళ్ళతో పేర్లు చెప్పడం, చూసి అర్థం చేసుకోవడం, తనను తాను దిద్దుకోవడం తెరకు. సంభాషణ, జాగా వాడకం, భుజం తట్టి పిలవడం, చూపు తిప్పకుండా మాట అందుకోవడం, అర్థం కాకపోతే సిగ్గుపడకుండా మళ్ళీ చెప్పమనడం క్లాసుకు.

ప్రొఫెసర్: చూసి అర్థం చేసుకోవడం తెరకు ఎందుకిచ్చారు? మీ ఎదుట కూర్చుని నేర్చుకునేది అదే కదా?

అధ్యాపకుడు: నా ఎదుట కూర్చుంటే నన్ను అర్థం చేసుకోవడం వస్తుంది. అంతే. నేను వాళ్ళ కోసం నెమ్మదిగా, విడివిడిగా చేస్తాను. సెమిస్టర్ అయ్యాక ఒక విద్యార్థిని మా వాళ్ళింట్లో పెళ్ళికి తీసుకెళ్తే బిక్కమొహం వేస్తుంది. అక్కడ ఒక తాతగారు పాత సైన్లు వాడతారు. ఒకావిడ చంకలో బిడ్డను పెట్టుకుని ఒంటి చేత్తో మాట్లాడేస్తుంది. ఒకాయన ఎడమచేతివాటం. ఒక కుర్రాడు ఎవరి కోసమూ ఆగడు. క్లాసు గదిలోకి నేను వీళ్ళందర్నీ ప్రతి వారం తేలేను. వీడియోలో తేగలను. ఒకే సంగతిని పదిమంది పదిరకాలుగా చెప్పడం చూస్తేనే భాష పట్టుబడుతుంది.

ప్రొఫెసర్: అప్పుడు ఏ సైన్ నేర్పుతారు? ఢిల్లీ నిఘంటువులో ఉన్నదా, హైదరాబాద్ వాడుకలో ఉన్నదా? 2020 జాతీయ విద్యా విధానం సంజ్ఞా భాషను దేశమంతటా ప్రామాణికం చేస్తామంటోంది. వీలైనచోట స్థానిక సంజ్ఞా భాషలను గౌరవించి నేర్పాలని కూడా అంటోంది. తెర మీదికి ఎక్కినది ఒక్కటే మిగిలి, తక్కినవి చచ్చిపోతాయని నా భయం.

అధ్యాపకుడు: వ్యాకరణం దేశమంతా చాలావరకు ఒకటే. పదాలే ఊరికీ బడికీ మారుతుంటాయి. పాఠ్యపుస్తకానికి ఒక ప్రమాణం కావాలి, నేను కాదనను. కానీ ఆ తాతగారి సైన్లను ఇవాళ రికార్డు చెయ్యకపోతే రేపు చూపించడానికి ఆయన ఉండరు. రెండూ పెడదాం, ఇది ఎక్కడి వాడుకో కింద రాద్దాం. న్యూజిలాండ్‌లో వెల్లింగ్టన్‌లోని విక్టోరియా విశ్వవిద్యాలయం 2011లో ఆన్‌లైన్ నిఘంటువు తెచ్చింది. అందులో చేతి ఆకారాన్ని బట్టి, చెయ్యి ఉన్న చోటును బట్టి వెతుక్కోవచ్చు. ఇంగ్లీషు మాట తెలియకపోయినా, చూసిన సైన్ నుంచి అర్థానికి వెళ్ళవచ్చు. మన విద్యార్థికి పెళ్ళిలో తాతగారి సైన్ ఒకటి తగిలితే, ఇంటికొచ్చి అలా వెతుక్కోగలగాలి. ఇలాంటిది ఒక విశ్వవిద్యాలయం పూనుకుంటే అయ్యే పని.

ప్రొఫెసర్: బయట దొరికే చాలా వీడియోల్లో వెనక ఒక గొంతు వివరిస్తూ ఉంటుంది, కింద అక్షరాలు పరుగెడుతుంటాయి. విద్యార్థి వింటాడు, చదువుతాడు. చేతులను మాత్రం చూడడు.

అధ్యాపకుడు: మా వీడియోలకు శబ్దం ఉండదు. మొదటిసారి అక్షరాలూ ఉండవు. చూసి, అర్థమైనది చెప్పాకే రెండోసారి కింద తెలుగు కనిపిస్తుంది. ఇందులో మీకూ నాకూ పేచీ లేదు.

ప్రొఫెసర్: ఇక నా అసలు భయం చెబుతాను. మీరు గంటల లెక్కన డబ్బు తీసుకునే గెస్ట్ ఫ్యాకల్టీ. ఒకసారి వీడియోలు తీసిచ్చేస్తే, వచ్చే ఏడాది ఆఫీసువాళ్ళు ఏమంటారు? పాఠాలు సర్వర్‌లో ఉన్నాయి కదా, ఆయన దేనికి అంటారు. 1880లో బధిరుల విద్య మీద మిలాన్‌లో జరిగిన అంతర్జాతీయ మహాసభలో ఏం జరిగిందో మీకు నేను చెప్పక్కర్లేదు. 160కి పైగా ప్రతినిధుల్లో బధిరుడు ఒక్కరే. వినేవాళ్ళంతా కూర్చుని, బధిరుల బడుల్లో సైన్లు వద్దు, నోటిమాటే నేర్పాలని తీర్మానం చేశారు. సైన్లతో పాటే బధిర ఉపాధ్యాయులూ బడుల్లోంచి బయటికి వెళ్ళిపోవాల్సి వచ్చింది. అదే మహాసభ 2010లో వాంకూవర్‌లో విచారం ప్రకటించడానికి 130 ఏళ్ళు పట్టింది. మీ చేతులతో మీ కుర్చీని మీరే తీసేసుకుంటున్నారేమో ఆలోచించండి.

అధ్యాపకుడు: మిలాన్ సంగతి నేను పుస్తకంలో చదవకముందే నా వేళ్ళకు తెలుసు సార్. నా చిన్నప్పటి బడిలో సైన్ చేస్తే స్కేలుతో వేళ్ళ మీద కొట్టేవాళ్ళు. మా భాష మాకు రాత్రిపూట హాస్టల్‌లో, లైటు కింద, పెద్దపిల్లల చేతుల నుంచి వచ్చింది. అందుకే ఈ ప్రతిపాదనలో లెక్కల పేజీ నేనే రాశాను. దాన్ని ఒకసారి చూడండి.

యూజీసీ లెక్క ప్రకారం థియరీకి ఒక క్రెడిట్ అంటే 15 గంటలు, ప్రాక్టికల్‌కు 30 గంటలు. మన కోర్సులో రెండు క్రెడిట్లనూ థియరీ కింద చూపించారు, అందుకే 30 గంటలతో సరిపెడుతున్నారు. భాష మాట్లాడటం థియరీ ఎలా అవుతుంది? ఒక క్రెడిట్ థియరీ, ఒక క్రెడిట్ ప్రాక్టికల్ చెయ్యండి. థియరీ 15 గంటల్లో ఎక్కువ భాగం విద్యార్థి వీడియోలతో సొంతంగా చేసుకుంటాడు. కెమిస్ట్రీ ల్యాబ్‌లోకి 60 మందినీ ఒకేసారి దింపరు, బ్యాచ్‌లు చేస్తారు. ఇక్కడా అలాగే 15 మంది చొప్పున నాలుగు బ్యాచ్‌లు. ఒక్కో బ్యాచ్‌కు 30 గంటలు. మొత్తం 120. ఇప్పుడు నాది 30 గంటల పని. నా ప్రతిపాదనకు నేనొక్కణ్ణి చాలను. ఇంకొక బధిర అధ్యాపకుణ్ణి తీసుకోవాలి.

ప్రొఫెసర్: అంటే ఖర్చు పెరుగుతుంది.

అధ్యాపకుడు: పెరుగుతుంది. చవక అని నేను ఎక్కడా రాయలేదు. ఆన్‌లైన్ పాఠం ఉపాధ్యాయుడి జీతం మిగల్చడానికి కాదు, ఉపాధ్యాయుడి గంటను పిండుకోవడానికి. మాటల పట్టిక ఇంటి దగ్గర నేర్చుకుని వచ్చిన 15 మందితో గంటసేపు కబుర్లు చెప్పడానికీ, ఏమీ రాకుండా వచ్చిన 60 మందికి గంటసేపు చేతులు చూపించడానికీ ఎంత తేడా ఉందో ఒక్క సెమిస్టర్ చూడండి.

ప్రొఫెసర్: లెక్కల పేజీలో మొదటి సగం తీసుకుని రెండో సగం చింపేసే ఆఫీసులు ఉంటాయి. వీడియోలు ఉంచుకుంటారు, 120 గంటలు వదిలేస్తారు.

అధ్యాపకుడు: అందుకే మూడు షరతులు పెట్టాను. వీడియోలు తియ్యడం కూడా బోధనే, దానికి వేరే పారితోషికం ఉండాలి. అందులో కనిపించే ప్రతి బధిరుడితోనూ రాతపూర్వక ఒప్పందం ఉండాలి, వాళ్ళ పేరు తెర మీద ఉండాలి. మూడోది ముఖ్యం. మన విశ్వవిద్యాలయంలో బధిర అధ్యాపకుడు లేని ఏడాది ఆ వీడియోలతో క్రెడిట్ కోర్సు నడపకూడదు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం సంజ్ఞా భాషలో అర్హత ఉన్న ఉపాధ్యాయులను, వైకల్యం ఉన్న ఉపాధ్యాయులతో సహా, తయారుచేసి నియమించమంటోంది. మేము అడిగేది దయ కాదు.

ప్రొఫెసర్: మూడో షరతు నేను చదివినప్పుడు దాని బరువు నాకు తట్టలేదు. అది ఉంటే నేను మీ వైపే. మరి మార్కులు? సైన్ చేస్తే కెమెరా చూసి తప్పొప్పులు చెప్పే యాప్‌లు వస్తున్నాయి. పరీక్ష కూడా వాటికే అప్పగించమంటారు రేపు.

అధ్యాపకుడు: వేళ్ళతో పేరు చెప్పే అభ్యాసానికి అవి పనికొస్తే వాడుకోనివ్వండి. మార్కులు మాత్రం మనిషే వెయ్యాలి, ఆ మనిషి బధిరుడై ఉండాలి. అర్థమైందో లేదో చెప్పగలిగేది అర్థం చేసుకోవలసినవాడే.

ప్రొఫెసర్: ఒక్క విషయంలో మాత్రం నేను కదలను. మీ చివరి పేజీలో, బధిర అధ్యాపకులు దొరకని కాలేజీలకు పూర్తిగా ఆన్‌లైన్‌లోనే ఈ కోర్సు ఇచ్చి క్రెడిట్లు ఇద్దామన్నారు. అది వద్దు.

అధ్యాపకుడు: ఎందుకు వద్దు? 2011 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద వినికిడి లోపం ఉన్నవాళ్ళు దాదాపు 50 లక్షల మంది. వాళ్ళంతా హైదరాబాద్‌లోనో విశాఖలోనో లేరు. కొన్నేళ్ళ కిందట కడుపునొప్పితో ఒక ఆసుపత్రికి వెళ్ళాను. డాక్టరు నా వైపు చూడనైనా చూడలేదు. నొప్పి ఎక్కడ, ఎప్పట్నుంచి, మలంలో రక్తం పడుతోందా అని నా పదేళ్ళ కూతుర్ని అడిగాడు. ఆ పిల్ల ఏడుపు ఆపుకుంటూ నన్ను అడిగింది. "నొప్పి ఎక్కడ" అని సైన్లలో అడగగలిగిన నర్సు ఒక్కరుంటే ఆ పిల్లకు ఆ బాధ తప్పేది. ఇవాళ పాడేరులోనో ఉట్నూరులోనో నర్సింగ్ చదివే అమ్మాయి సైన్లు నేర్చుకుంటానంటే, మీ ఊళ్ళో అధ్యాపకుడు లేడు కాబట్టి నీకు లేదు అందామా?

ప్రొఫెసర్: పాఠాలన్నీ ఆ అమ్మాయికి ఉచితంగా ఇవ్వండి. కోర్సులో చేరనివాళ్ళకూ ఇవ్వండి. ఒక్క సర్టిఫికెట్ ఆపండి. ఎందుకో వినండి. ఆ కాగితం పట్టుకుని ఆమె ఉద్యోగంలో చేరుతుంది. రేపు మీలాంటి ఒక పేషెంటు వస్తే ఆసుపత్రివాళ్ళు ఏమంటారు? మా దగ్గర సైన్లు వచ్చిన నర్సు ఉంది, ఇంటర్‌ప్రెటర్ అక్కర్లేదు అంటారు. ఇంటర్‌ప్రెటర్ కావడానికి రెండేళ్ళ డిప్లొమా ఉంది. మనది రెండు క్రెడిట్ల కోర్సు. నొప్పి ఎక్కడ అని అడగడం వేరు, ఆపరేషన్‌కు ఒప్పుకుంటూ సంతకం పెట్టమన్నప్పుడు అందులో ఏముందో వివరించడం వేరు. ఒక్క బధిరుడితోనూ మాట్లాడకుండా కోర్సు పూర్తిచేసినవాళ్ళకు ఆ తేడా తెలియదు. తమకు ఎంత రాదో మీ ఎదుట నిలబడ్డప్పుడే తెలుస్తుంది.

అధ్యాపకుడు: ఆ ప్రమాదం ఉంది. సర్టిఫికెట్ మీదే రాద్దాం: దీనితో ఇంటర్‌ప్రెటింగ్ చెయ్యకూడదు అని, పెద్ద అక్షరాలతో. అలాగని కాగితం ఆపేస్తే నేర్చుకునేవాళ్ళు తగ్గుతారు. డిగ్రీ పిల్లలకు క్రెడిట్ లేనిదానికి సమయం ఉండదు. మధ్యేమార్గం ఒకటి చెబుతాను. దూరపు కాలేజీలకు థియరీ క్రెడిట్ ఆన్‌లైన్‌లో. ప్రాక్టికల్ క్రెడిట్‌కు వారం వారం బధిర అధ్యాపకుడితో నలుగురేసి వీడియో కాల్‌లో కూర్చోవాలి.

ప్రొఫెసర్: థియరీ క్రెడిట్‌కు ఒప్పుకుంటాను. వీడియో కాల్‌ను ప్రాక్టికల్ అనడానికి మాత్రం మనసొప్పదు. ఎదురెదురుగా కూర్చోవాలి. సెలవుల్లో క్యాంపు పెట్టండి, మీ బధిర సంఘాలవాళ్ళను పిలవండి, పదిరోజులు కలిసి ఉంటే వస్తుంది.

అధ్యాపకుడు: మీకు టెలిఫోన్ ఎలాగో మాకు వీడియో కాల్ అలాగ. 2020 లాక్‌డౌన్‌లో మేమంతా ఒకరితో ఒకరం బతికింది దాని మీదే. దాన్ని మీరు నకిలీ సంభాషణ అంటున్నారు.

ప్రొఫెసర్: మీకు నకిలీ కాదు. మీకు భాష ముందే ఉంది, అది తెరలోంచి పోతుంది, వస్తుంది. ఇంకా భాష రానివాళ్ళకు అది చాలదంటున్నాను.

అధ్యాపకుడు: ఇక్కడ మనం కలవం సార్. రెండు మాటలూ సంఘం ముందు పెడదాం. కానీ చివరి పరీక్ష విషయంలో కలుస్తామనుకుంటాను. అది హైదరాబాద్ విద్యార్థికీ పాడేరు విద్యార్థికీ ఒకటే ఉండాలి. విద్యార్థి అంతకుముందు ఎన్నడూ చూడని ఒక బధిరుడు వచ్చి కూర్చుంటారు. అధ్యాపకుడు కానక్కర్లేదు. టైలర్ కావచ్చు, బ్యాంకు ఉద్యోగి కావచ్చు. పది నిమిషాలు మాట్లాడుకుంటారు. తరవాత ఆ వచ్చినవారిని రెండే అడుగుతాం: ఈ విద్యార్థి చెప్పింది మీకు అర్థమైందా? మీరు చెప్పింది ఈ విద్యార్థికి అర్థమైందా? క్లాసులో నేర్చుకున్నా, ఫోన్‌లో నేర్చుకున్నా, ఆ రెండిటికీ అవునన్న జవాబు రావాలి.

ప్రొఫెసర్: ఆ పరీక్షను మొదటి పేజీలోకి తెండి. మొదట అది చదివితే, వీడియోలు ఎందుకో, 120 గంటలు ఎందుకో సంఘానికి నేను వేరే చెప్పక్కర్లేదు. వీడియో కాల్ మీద నా భిన్నాభిప్రాయం చివర జతచేస్తాను. ప్రతిపాదన మీద మాత్రం సంతకం పెడుతున్నాను.

అధ్యాపకుడు: లెక్కల పేజీ మీద కూడా పెట్టండి సార్. ఇలాంటివి ఆగిపోయేది అక్కడే.